ఎసట్లో అక్షింతలు

మా అమ్మాయి శ్రావణి పెళ్ళి థాయ్‌లాండ్‌లో, సముద్రం ఒడ్డున అని చెప్పగానే మా వదిన అడిగిన మొదటి మాట, "మరి పొయ్యిలెక్కడ తవ్వుతారు?"

అందరూ నవ్వారు. శ్రావణి ఫోన్లో నవ్వింది. మా ఆయన ధనరాజు కుర్చీలోంచి పడిపోయేటంత నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగమంతా నర్సమ్మగా పల్లెలు తిరిగినదాన్ని. నొప్పెక్కడమ్మా అంటే సమాధానం చెప్పకుండా మనిషి ఇంకేదో అడుగుతోందంటే, ఆ అడిగినదాంట్లోనే నొప్పుంటుందని నాకు తెలుసు.

మా వదిన పేరు లక్ష్మణమ్మ. ధనరాజుకి స్వయానా అప్ప, అంటే అక్క. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో ఆవిడ పేరు చెబితే చిన్నపిల్లలకి కూడా గాడిపొయ్యే గుర్తొస్తుంది. పెళ్ళింటి పెరట్లో పొడుగ్గా గాడి తవ్వి, దాని మీద వరసగా గుండిగలెక్కించి, ఒకే మంట మీద ఊరందరికీ వండే పొయ్యి అది. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో క్యాటరింగులు దిగిపోయి, పెళ్ళిళ్ళలో ప్లాస్టిక్ కుర్చీలకీ కూరలకీ ఒకటే వాసన వస్తోంది. మా ఊళ్ళో మాత్రం ఇంకా గాడి తవ్వుతున్నారంటే కారణం ఆవిడే. ఆవిడ వార్చిన అన్నం, ఆవిడ పెట్టిన గుమ్మడికాయ దప్పళం తిన్నవాళ్ళు మళ్ళీ క్యాటరింగు ఊసెత్తరు.

ఇంత మెచ్చుకుంటారు కదా, ఆవిడ పెరట్లోకి ఎలా చేరిందో మాత్రం ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడతాను.

ఆవిణ్ణి బొబ్బిలి పక్క ఊళ్ళో కూర్మయ్య అనే రైతుకిచ్చి చేశారు. మంచివాడట, నేను చూడలేదు. పచ్చకామెర్లొస్తే పసరుమందు తాగుతూ కూర్చున్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. పిల్లల్లేరు. మా మావగారు వెళ్ళి కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ మరుసటేడే నా పెళ్ళి. మా వైపు పెళ్ళి మగపెళ్ళివారింట్లో చేస్తారు కాబట్టి నేను ఆ ఇంటికే పెళ్ళికూతురిగా వచ్చాను. తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి జడ పైకెత్తి పట్టుకోవాల్సింది ఆడపడుచు. వదిన చేతులు కడుక్కుని పందిట్లోకి వస్తోందట. ఎవరో పెద్దామె, "నువ్వెల్లి పొయ్యి సూడమ్మా" అందట. ఆవిడ వెళ్ళి పొయ్యి చూసింది. ఆ మాట అనడం ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ ఎవరూ అనాల్సిన పని లేకుండా ఆవిడే వెనక్కి వెళ్ళిపోయేది. అందరికీ సుఖంగా ఉంది. నా జడ మాత్రం ఎవరో పినమావగారి కూతురు పట్టుకుంది. పట్టుకోవడం కాదు, పీకింది. పూలజడ సగం దాని చేతిలోకే ఊడొచ్చింది. ఆ కోపం నాకింకా పోలేదు.

శ్రావణి పుట్టిన కొన్నాళ్ళకే నాకు నౌపడ వైపు బదిలీ అయింది. వారానికోసారి రైల్లో వచ్చి పోయేదాన్ని. పిల్ల వాళ్ళ అత్త కొంగు పట్టుకునే పెరిగింది. నేను వస్తే చుట్టం వచ్చిందనుకుని తలుపు చాటుకి పోయేది. మొదట్లో కుళ్ళుకున్న మాట నిజమే. కానీ జ్వరమొస్తే రాత్రంతా భుజం మీద వేసుకు తిరిగిన మనిషి మీద ఎన్నాళ్ళు కుళ్ళుకుంటాం?

ఊళ్ళో ఎవరి పెళ్ళయినా పిల్ల కూడా అత్తతోపాటు గాడిపొయ్యి దగ్గరే ఉండేది. అక్కణ్ణుంచి పందిరి కనిపించదు, అంతా వినాల్సిందే. "సన్నాయి నిదానమైనాది సూడు, గౌరీపూజ సేస్తన్నారు. ఇప్పుడు ఆడోలందరూ నవ్వుతన్నారా, అంటే తెర పట్టీసినారు" అని పిల్లకి చెవితోనే పెళ్ళి చూపించేది వదిన. ఒక పెళ్ళిలో నేను మంచినీళ్ళకని వెనక్కి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే పందిట్లో గట్టిమేళం మోగింది, అంటే తాళి కడుతున్నారన్నమాట. వదిన చేటలో కడిగి ఉంచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి, కళ్ళకద్దుకుని, మరుగుతున్న ఎసట్లో వేసింది. పక్కన శ్రావణి కూడా తన చిన్న గుప్పెడు వేసింది.

"అదేటి వదినా?" అన్నాను.

"అక్షింతలే" అంది, గరిటె తిప్పుతూ. "అన్నంలో కలిసిపోయి పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు తింటారు కదేటి. నా సెయ్యి ఎవులికీ కనపడదు, దీవెన అందుతాది."

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళుగా మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా ఆవిడ దీవెన తినే కాపరానికి వెళ్ళింది. ఒక్కరికీ తెలీదు.

అలాగని ఆవిడ ఎప్పుడూ ముందుకి రాలేదా అంటే, ఒక్కసారి వచ్చింది. పక్కింటి సోములు కొడుకు పెళ్ళిలో ఉండబట్టలేక, స్తంభం పక్క నుంచి తొంగి చూసిందట. నెల తిరక్కుండా ఆ పెళ్ళికొడుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తాగి నడిపాడు, ఊరందరికీ తెలుసు. కాలు కూడా అతుక్కుంది, ఇప్పుడు శుభ్రంగా కిరాణా కొట్టు నడుపుకుంటున్నాడు. కానీ మా వదిన లెక్కలో ఆ కాలు విరగ్గొట్టింది తనే. నేను నర్సమ్మనై ఉండి ఎన్నిసార్లు చెప్పినా వింటేనా!

ఇక పెళ్ళికొడుకు సంగతి. పృథ్వీరాజ్‌ది బొబ్బిలే. థాయ్‌లాండ్‌లో క్రాబి అనే చోట సముద్రం ఒడ్డున హోటల్లో మేనేజరు. బెంగళూరులో పనిచేసేటప్పుడు మా పిల్లకి పరిచయమట. వాళ్ళ హోటల్లో పనిచేసేవాళ్ళ పెళ్ళిళ్ళు అక్కడే చేసుకోనిస్తారట. రెండిళ్ళ నుంచీ పదీపాతికమంది వస్తే చాలన్నారు. నాకది నచ్చలేదు, ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్పాలి అని గొడవ పెట్టుకున్నాను. అప్పుడు శ్రావణి నాకొక్కదానికే ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది.

"మమ్మీ, అక్కడ పెరడు ఉండదు. గాడిపొయ్యి ఉండదు. అత్తకి దాక్కోడానికి చోటే ఉండదు. తాళి కట్టినప్పుడు అత్త నా కళ్ళ ముందుండాల. నాకింకేటీ అక్కర్లేదు."

ఆ క్షణం నుంచి నేను పిల్ల పక్షం.

వదిన మాత్రం రానంటే రానంది. గేదె ఈనే రోజులంది. మోకాళ్ళంది. విమానంలో కిటికీ తెరుచుకుంటే ఎలాగంది. పాస్‌పోర్టుకి వేలిముద్రలు తీసుకునే చోట ఆ మిషను ఆవిడ బొటనవేలిని పట్టనే లేదు. బూడిదతో గుండిగలు తోమీ తోమీ గీతలన్నీ అరిగిపోయాయి. "సూసినావా, దేవుడికే ఇష్టం నేదు" అని సంతోషంగా లేచిపోబోయింది. అక్కడి అమ్మాయి ఓపికగలది, కొబ్బరినూనె రాయించి, తుడిపించి, మొత్తానికి పట్టించింది. వదిన ఆ అమ్మాయి వంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

"అప్పా, నువ్వు రాకపోతే పెళ్ళి ఆగిపోద్ది" అన్నాడు ధనరాజు.

"నాను ఎల్తే ఆగిపోద్దేమో" అంది ఆవిడ. అని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

చివరికి శ్రావణే వచ్చింది, రెండ్రోజులు సెలవు పెట్టుకుని. వాళ్ళ అత్త వెనకాలే పశువులశాలకీ వంటింటికీ తిరిగింది. బతిమాలలేదు. ఒక్క మాటే అడిగింది. "మనింట్లో నీ బియ్యం పడకండా ఏ పెళ్ళైనా అయిందేటి అత్తా? నా ఒక్కదానికీ ఆ దీవెన నేకండా సేస్తావా?"

వదిన పిడకలన్నీ వరసగా సర్దింది. తర్వాత, "వస్తాను గానీ పొయ్యి సూపించాల" అంది.

"సూద్దాంలే అత్తా" అంది శ్రావణి. ఆ 'సూద్దాం'లో మోసం ఉందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

విశాఖపట్నంలో విమానం ఎక్కేముందు వదిన సంచీలో ఓ మూట చూసి మా తమ్ముడు హరిబాబు ఆపాడు. పెళ్ళికి పాటలు, మేళం, మైకు అన్నీ నేను చూసుకుంటానని ముందుకొచ్చినవాడు, అందుకని అన్నిట్లోనూ తల దూరుస్తాడు.

"ఏటి వదినా ఇది?"

"బియ్యం. మన కల్లంలోవే."

"ఆల దేశంలో ఎటు సూసినా వరిసేలే కదా! అన్నం తినీవోల దేశానికి బియ్యం మొయ్యడమేటి?"

"ఆల బియ్యంతో ఆల పిల్లల్ని దీవించుకోమను" అంది వదిన. హరిబాబు మూట మళ్ళీ సంచీలో పెట్టేశాడు.

విమానంలో ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. అన్నం తెచ్చిపెడితే ఒక్క కన్ను తెరిచి, రెండు మెతుకులు వేళ్ళతో నలిపి చూసి, "ఉడకనేదు" అని మళ్ళీ మూసుకుంది.

క్రాబిలో సముద్రంలోంచే కొండలు లేచి ఉంటాయి. నున్నటి, నిలువుపాటి కొండలు. ధనరాజు ఫొటోల మీద ఫొటోలు తీశాడు. వదిన ఆ కొండల్ని చూడలేదు. ఇసకలో కడుతున్న పందిరి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. నాలుగు కర్రలు, పైన తెల్లగుడ్డ, పూలదండలు. గోడ లేదు, దడి లేదు. ఓ పక్క సముద్రం, ఓ పక్క కుర్చీలు, ఎటు నుంచి చూసినా పెళ్ళికొడుకు కనిపిస్తాడు.

"ఒసే ఉషా" అంది నా చెయ్యి పట్టుకుని. "ఈ పందిరికి ఎనకేదే?"

నేను మనసులో ఉన్నదంతా అప్పుడే కక్కేశాను. వెనక లేదు వదినా, లేకుండానే కట్టించింది నీ మేనకోడలు, నువ్వు ముందు కూర్చోవాలని ఇంత దూరం తెచ్చింది, దాని మాట కాదనకు అన్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఇసకలో కూలబడి, సముద్రం వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"అది సిన్నపిల్ల, దానికి తెలీదు. నీకు తెలీదేటి? నా బతుకిలాగయ్యింది, పోనీ. నా నీడ పడి దాని బతుకు కూడా ఇలాగయితే నాను ఎవులికి సెప్పుకుంటాను? అది నా గుంట, నాను పెంచిన పిల్ల, కాబట్టే రానంటన్నాను."

నేను నర్సమ్మ మాటలు చెప్పాను. కూర్మయ్య అన్నయ్య లివరు చెడిపోయి పోయాడు, నీ వల్ల కాదు అన్నాను. తల ఊపింది. తల ఊపడమంటే నమ్మడం కాదు. "నువ్వు సెప్పింది నిజమే గానీ" అని ఆపేసింది. ఆ 'గానీ' తర్వాత ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు.

ఇంతలో పృథ్వీరాజ్ వచ్చి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. మంచి కుర్రాడు, మర్యాదస్థుడు. ఏం కావాలండీ అత్తయ్యగారూ, అని అడిగాడు. అడక్కుండా ఉంటే బాగుండును.

"బాబూ, ఒక్క పొయ్యి సూపించు. ఒక్క కుండెడు అన్నం వండుకుంటాను. మరేటీ అక్కర్లేదు."

హోటలు వంటింట్లోకి బయటివాళ్ళని రానివ్వరట. అయినా పెద్దావిడ నోరు తెరిచి అడిగిందని పాపం పైవాళ్ళని బతిమాలి, ఓ మూల ఒక పొయ్యి, ఒక స్టీలు గిన్నె ఇప్పించాడు. వదిన మొహం వెలిగింది. శ్రావణి మొహం మాడింది.

"దాక్కోడానికి చోటు నేకండా ఇంత దూరం తెస్తే, నువ్వెల్లి చోటు సూపించావా? నీ మంచితనమే నా కొంప ముంచింది" అని పెళ్ళికి ముందే మొగుడితో మొదటి గొడవ పెట్టుకుంది. అతను నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను.

మర్నాడు పొద్దున్నే ముహూర్తం. వదిన శ్రావణిని పీట మీద కూర్చోబెట్టి తలంటి పోసింది, జడ తనే అల్లింది. బుగ్గన చుక్క పెట్టబోతున్న పేరంటాలి చేతికి కాటుకందించి, తను ఓ అడుగు వెనక్కి వేసింది. బియ్యం మూట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పిల్ల కోరింది ఒకే ఒక్కటి, అదీ జరగడం లేదు.

వంటింట్లో ఏం జరిగిందో తర్వాత వదినే చెప్పింది. అక్కడివాళ్ళు ఆవిడకి తెల్ల టోపీ తగిలించి, తెల్ల గుడ్డ నడుముకి కట్టారట. పొయ్యికి మంట లేదు, నల్లటి గాజుపలక. నిప్పు లేకుండా ఎసరెలా మరుగుతుందని ఆవిడకి అనుమానం. మరిగింది. బియ్యం కడిగింది, మొదటి గుప్పెడు చేతిలోకి తీసుకుంది. గట్టిమేళం కోసం చెవొగ్గింది. వినపడలేదు. మందపాటి గోడలు, గాజు తలుపులు, పైన పొగ లాగే మిషను మోత. గాడిపొయ్యి దగ్గర చెవితోనే పెళ్ళంతా చూసే మనిషికి అక్కడ పెళ్ళనేదే లేకుండా పోయింది. గౌరీపూజ అయిందో లేదో తెలీదు. తాళి కట్టేశారేమో కూడా తెలీదు. సమయానికి ఎసట్లో బియ్యం పడకపోతే వచ్చి ఏం లాభం? తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

ఇక్కణ్ణుంచి నేను చూశాను. పందిట్లో నేను హోటలు వైపు తిరిగి కూర్చున్నాను. బొబ్బిలి నుంచి తెచ్చుకున్న పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. హరిబాబు ఫోన్లో పెట్టిన సన్నాయి పక్కనున్న మాకే సరిగా వినపడటం లేదు, సముద్రపు హోరు, గాలి కలిసి ఎత్తుకుపోతున్నాయి. తలెత్తేసరికి, హోటలు మెట్ల మీద తెల్ల టోపీ. వదిన! గుప్పిట బిగించి, తల ఓ పక్కకి వంచి వింటోంది.

జీలకర్ర బెల్లం పెట్టారు. మళ్ళీ చూశాను. మెట్లు దిగి కొబ్బరిచెట్ల దగ్గరుంది. అక్కడా వినపడలేదు కాబోలు, ఇంకాస్త ముందుకొచ్చింది. కొత్త మనిషి దగ్గరికి దూడ వచ్చేటప్పుడు కదలకూడదు, కదిలితే పారిపోతుంది. ధనరాజు అప్పని చూసి నోరు తెరవబోయాడు. తొడ మీద గట్టిగా గిల్లాను.

"అటు సూడకు" అన్నాను, పెదాలు కదపకుండా.

పాపం నిజంగానే తల తిప్పేసుకుని కొండల్ని చూశాడు.

మంగళసూత్రం అందరి చేతులూ తాకి వచ్చింది. ఆ పళ్ళెం నా దగ్గరికొచ్చి వెళ్ళేలోగా వదిన ఆఖరి వరస కుర్చీల వెనక్కి చేరింది. తన వెనక ఇసక మీద అడుగుల బారు కనిపిస్తోంది. ఆవిడ దృష్టంతా చెవి మీదే. తను ఎక్కడ నిలబడిందో ఆవిడకి తెలీదని నేను ఒట్టేసి చెప్పగలను.

"గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచారు పంతులుగారు.

హరిబాబు ఫోను నొక్కాడు. గట్టిమేళానికి బదులు ఎవరో అమ్మాయి, ఆ దేశపు భాషలో, హుషారుగా ఏదో సబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ప్రకటన. ఇంటర్నెట్టులోంచి పెట్టాడు ఘనుడు. వాడు నొక్కుతున్నాడు, అది చెబుతోంది, పంతులుగారు గట్టిమేళం గట్టిమేళం అని గొంతు చించుకుంటున్నారు. పృథ్వీరాజ్ లేచి పసుపుతాడు శ్రావణి మెడ చుట్టూ వేసేశాడు. జడ ఎత్తింది పెళ్ళికొడుకు చెల్లెలు, పీకలేదు. అందరూ అక్షింతలు పట్టుకుని లేచారు. ఏమీ వినపడక, జనం అడ్డొచ్చి ఏమీ కనపడక, వదిన ఇద్దరి మధ్యలోంచి దారి చేసుకుని ఇంకో అడుగు వేసింది, ఇంకో అడుగు.

అలా వచ్చి, సరిగ్గా పందిరి కర్ర పక్కన నిలబడింది. పృథ్వీరాజ్ రెండో ముడి వేస్తున్నాడు. వినడానికి వచ్చిన మనిషి చూసేసింది.

శ్రావణి తల వంచుకుని ఉన్నదల్లా కళ్ళెత్తింది. ఎదురుగా వాళ్ళ అత్త, టోపీతో, నడుముకి తెల్లగుడ్డతో, నోరు కొంచెం తెరుచుకుని. మూడో ముడి పడేదాకా ఆ ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకుంటూనే ఉన్నారు. నా కళ్ళ నిండా నీళ్ళు, నాకు సరిగా కనపడలేదు. కన్నతల్లిని, మూడో ముడి నేను చూడనేలేదు.

అప్పుడు వదినకి తెలివొచ్చింది. చుట్టూ చూసింది. అందరూ ఆవిణ్ణే చూస్తున్నారు. గుప్పిట గుండెకి అదుముకుని వెనక్కి తిరిగింది.

"అత్తా, ఆ బియ్యం ఎక్కడికి పట్టుకెల్తన్నావు?" అంది శ్రావణి.

"ఎసట్లోకి..."

"ఇటు రా."

"తెల్లబియ్యమే తల్లీ. పసుపు నేదు. తెల్లబియ్యం తల మీద వెయ్యకూడదు" అంది వదిన.

శ్రావణి పీటల మీంచి చెయ్యి చాపి ఆ చెయ్యి పట్టుకుంది. దగ్గరికి లాక్కుని, గుప్పిట విప్పి, ఆ అరచేతిని తీసి తన మెడ మీద, అప్పుడే పడిన తాళి మీద పెట్టి నొక్కింది. పొద్దున ముంచిన పసుపుతాడు ఇంకా తడిగానే ఉంది. చెయ్యి తీసేసరికి బియ్యం పచ్చగా ఉన్నాయి. గింజలన్నీ కాదు, తాడుకి తగిలినవి. అవి చాలు.

"ఇప్పుడెయ్యి" అని తల వంచింది. పక్కన పృథ్వీరాజ్ కూడా వంచాడు.

అప్పుడు మా వియ్యపురాలు నోరు తెరిచింది. ఈ మనిషి ఇప్పుడేమంటుందో, అంటే నేనేమంటానో అనుకున్నాను. ఆవిడ ఫొటోలు తీసేవాడి భుజం మీద ఒక్కటి చరిచి, "ఏటి సూస్తావు, తియ్యి బాబూ!" అంది. ఆ ఒక్క మాటకి ఆవిడ జీవితంలో నన్నేమన్నా పడతాను.

వదిన చెయ్యి ఎత్తింది. వేళ్ళు తెరుచుకోవడానికి కొంచెంసేపు పట్టింది. సగం శ్రావణి తల మీద, సగం పృథ్వీరాజ్ తల మీద వేసింది. ఏమని దీవించిందో వినపడలేదు, సరిగ్గా అప్పుడే హరిబాబు ఫోన్లో గట్టిమేళం మోగింది.

వదిన ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆ మోత వింటూనే చేతులు గరిటె కోసం వెతికాయి. నా వైపు తిరిగింది.

"ఒసే ఉషా, ఎసరు పెట్టీసి వచ్చీసినానే!"

"అయ్యో, ఇగిరిపోతాది. బేగి ఎల్లు వదినా" అన్నాను, కావాలనే.

ఆవిడ హోటలు వైపు చూసింది. ఆ మెట్లు, కొబ్బరిచెట్లు, ఇసకలో తన అడుగులు చూసింది. తర్వాత శ్రావణి తల మీద, పూలలో చిక్కుకున్న పచ్చగింజల్ని చూసింది.

"ఇగిరిపోనీ" అని, తెల్ల టోపీ తియ్యకుండానే వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.